కలయిక ఎంతసేపు? అదుపు నేర్చుకునేది ఎలా?

[విశాఖపట్నం ద్వారకానగర్‌లో దంపతుల కోసం జరిగిన ఆరోగ్య సభలో ఒక వైద్యుడి ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా అక్షరాల్లో పెట్టాం.]

అందరికీ నమస్కారం. భార్యాభర్తలు కలిసి వచ్చారు, చాలా సంతోషం. ఈ విషయం మగవాళ్ళని విడిగా కూర్చోబెట్టి చెప్తే సగం పనే అవుతుంది.

గుమ్మం దగ్గర పెట్టిన డబ్బాలో మీరు వేసిన చీటీలు చదివాను. ఎక్కువ చీటీల్లో ఒకటే ప్రశ్న: "డాక్టరుగారూ, మామూలుగా ఎంతసేపు ఉండాలి?" అందుకని ముందు లెక్కే చెప్తాను.

2005లో ఒక అధ్యయనం వచ్చింది. నెదర్లాండ్స్, బ్రిటన్, స్పెయిన్, టర్కీ, అమెరికా, ఈ ఐదు దేశాల్లో 500 జంటలకి స్టాప్‌వాచ్‌లు ఇచ్చారు. అంగప్రవేశం నుంచి స్ఖలనం దాకా ఎంతసేపు పట్టిందో కొలిచి రాయమన్నారు. మధ్యస్థంగా వచ్చిన లెక్క 5.4 నిమిషాలు. అంటే సగం మందికి అంతకంటే తక్కువే. అందరిలోకీ తక్కువ 33 సెకన్లు, అందరిలోకీ ఎక్కువ 44 నిమిషాలు. 18 నుంచి 30 ఏళ్ళ వాళ్ళకి 6.5 నిమిషాలు, 51 దాటిన వాళ్ళకి 4.3. కండోమ్ వాడినవాళ్ళకీ వాడనివాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

2008లో అమెరికా, కెనడాల్లోని సెక్స్ థెరపిస్టులని అడిగారు, ఎంతసేపైతే బాగుంటుందని. 3 నుంచి 7 నిమిషాలు సరిపోతుందన్నారు, 7 నుంచి 13 నిమిషాలు కోరుకోదగిందన్నారు. 10 నుంచి 30 నిమిషాలని ఏమన్నారో తెలుసా? మరీ ఎక్కువ అన్నారు. నిజమే, అంతసేపైతే తడి ఆరిపోతుంది, మంట పుడుతుంది, ఇద్దరిలో ఒకరు ఎప్పుడైపోతుందా అని చూస్తుంటారు. ఫోన్లలో చూసే నీలి చిత్రాల్లోని అరగంట రోజంతా తీసి, ఆపి, మందులు వేసి, ముక్కలు అతికించిన అరగంట. దాన్ని కొలబద్దగా పెట్టుకుని ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళు తమకేదో రోగం ఉందని కుమిలిపోతున్నారు. చూస్తుంటే బాధేస్తుంది.

ఇంకో సంగతి. ఈ 5.4 నిమిషాలు అంగప్రవేశం తర్వాతి సమయం మాత్రమే. ముందు మాటలు, ముద్దులు, స్పర్శ, వీటికి గడియారం లేదు. ఆడవాళ్ళ సంతృప్తి ఎక్కువగా అక్కడే ఉంటుంది. అమెరికాలో జరిగిన ఒక సర్వేలో కేవలం అంగప్రవేశంతోనే భావప్రాప్తి కలుగుతుందని చెప్పిన స్త్రీలు దాదాపు 18 శాతమే. మిగతావాళ్ళలో ఎక్కువమందికి క్లిటోరిస్ మీద, అంటే యోనికి పైభాగంలో ఉండే ఆ చిన్న మొగ్గ మీద, స్పర్శ కావాలి. 2020లో వచ్చిన మరో పరిశోధనలో స్త్రీకి తగిన ఉద్రేకం కలిగాక భావప్రాప్తికి సగటున 13 నిమిషాల పైన పట్టింది. ఆ 13 నిమిషాలనీ అంగప్రవేశంతోనే నింపాలని ఏ మగవాడైనా పంతం పడితే ఓడిపోతాడు. ముందు పది, పదిహేను నిమిషాలు చేత్తో, నోటితో, ఓపికతో గడిపితే తర్వాతి ఐదు నిమిషాలూ ఇద్దరికీ సరిపోతాయి. మీలో చాలామందికి కావలసిన మందు ఇదే. ఇంతకుమించి ఏమీ అక్కర్లేదు.

సరే, నిజంగా ఇబ్బంది ఉన్నవాళ్ళ సంగతికొద్దాం. "స్టామినా లేదండీ" అని వచ్చేవాళ్ళలో మూడు రకాలుంటారు. ఒకరికి స్ఖలనం మీద అదుపుండదు. ఒకరికి అంగం గట్టిపడదు, లేదా మధ్యలో మెత్తబడుతుంది. ఒకరికి ఆయాసం, నడుం నొప్పి, దమ్ము చాలదు. మూడింటికీ మందు వేరు. మెడికల్ షాపుకెళ్ళి "టైమింగ్ టాబ్లెట్" అనడిగితే ఏ రకమో కనుక్కోకుండానే ఇస్తారు. అక్కడే మొదటి తప్పు జరుగుతుంది.

మొదట అదుపు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఎప్పుడూ, లేదా దాదాపు ఎప్పుడూ, ప్రవేశించిన నిమిషం లోపే స్ఖలనమైపోతోంది, ఆపుకోవడం చేతకావడం లేదు, దానివల్ల మనసు కష్టపడుతోంది. ఈ మూడూ కలిసి ఉంటేనే పుట్టుకతో ఉన్న శీఘ్రస్ఖలనం అంటాం. ముందు బాగానే ఉండి, తర్వాత సమయం బాగా తగ్గి మూడు నిమిషాలకో అంతకన్నా తక్కువకో వస్తే అది మధ్యలో వచ్చింది. మధ్యలో వచ్చిందంటే దాని వెనక ఏదో ఉందని వెతకాలి. థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తున్నా రావచ్చు, ప్రొస్టేట్, అంటే మూత్రాశయం కింద ఉండే గ్రంథి, వాపు వల్లా రావచ్చు. అంగం మెత్తబడిపోతుందేమోనన్న భయంతో గబగబా ముగించే అలవాటు పడినా వస్తుంది. థైరాయిడ్ సరిచేస్తే చాలామందికి ఇదీ సర్దుకుంటుంది. పుట్టుకతో ఉన్నదానికి మెదడులోని సెరోటోనిన్ అనే రసాయనంతో, కొంత వంశపారంపర్యంతో సంబంధం ఉంది. చిన్నప్పటి హస్తప్రయోగం వల్లే వచ్చిందనడానికి ఆధారం లేదు. దాన్ని తలుచుకుని తప్పు చేశాననుకోవద్దు.

ఈ ఊళ్ళో నేవీలో, మర్చంట్ షిప్పుల్లో పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నెలల తరబడి దూరంగా ఉండి వస్తే మొదటి రాత్రో రెండో రాత్రో తొందరగా అయిపోతుంది. అది జబ్బు కాదు. వారం పదిరోజుల్లో దానంతటదే మామూలవుతుంది. ఇంటికొచ్చినాయన ఆ ఒక్క రాత్రికే కంగారుపడి మాత్రలు మొదలెట్టకూడదు, ఇంట్లో ఆవిడ కూడా మొహం చిన్నబుచ్చుకోకూడదు.

ఇక నేర్చుకునే పద్ధతి. ఆపి మళ్ళీ మొదలుపెట్టే ఈ అభ్యాసాన్ని 1956లో జేమ్స్ సీమన్స్ అనే అమెరికన్ వైద్యుడు రాశాడు. ఇప్పటికీ వాడుతున్నాం.

మొదటి రెండు మూడు వారాలు ఒంటరిగా. వారానికి మూడుసార్లు, తలుపు గడియ పెట్టుకుని, ఫోను పక్కన పెట్టేసి, పొడి చేత్తో. ఉద్రేకానికి మనసులో ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసుకోండి. పది అంటే స్ఖలనం. ఏడుకి రాగానే చెయ్యి పూర్తిగా తీసేయండి. అర నిమిషమో నిమిషమో ఆగితే నాలుగైదుకి దిగుతుంది. మళ్ళీ మొదలుపెట్టండి. ఇలా మూడుసార్లు ఆపి, నాలుగోసారి వదిలేయండి. మొత్తం పదిహేను నిమిషాలు పట్టాలి. పొడి చేత్తో ఇది కుదిరాక నీటి ఆధారిత జెల్ రాసుకుని మళ్ళీ మొదటినుంచి. జెల్‌తో స్పర్శ యోనికి దగ్గరగా ఉంటుంది, అందుకే ఇక్కడ మళ్ళీ తడబడతారు. వెనకబడ్డామని అనుకోవద్దు, అందరికీ అలాగే ఉంటుంది.

తర్వాత భార్య చేత్తో అదే అభ్యాసం. ఆవిడకి "ఆగు" అని చెప్పడం నేర్చుకోవాలి. చాలామంది మగవాళ్ళకి అన్నిటికన్నా కష్టం ఇదే, నోరు పెగలదు. మాట రాకపోతే భుజం మీద రెండుసార్లు తట్టడం గుర్తుగా పెట్టుకోండి. ఆ తర్వాత ప్రవేశం. భార్య పైన ఉండాలి. లోపలికి తీసుకున్నాక ఇద్దరూ రెండు మూడు నిమిషాలు కదలకుండా ఉండాలి. ఆ వెచ్చదనానికి అలవాటు పడటమే ఆ రోజు పాఠం. తర్వాతిసారి ఆవిడ నెమ్మదిగా కదలాలి, ఆయన ఆగమంటే ఆగాలి. అది కుదిరాక పక్కకి తిరిగి పడుకుని. మగవాడు పైనుండే భంగిమ అన్నిటికన్నా చివర. ఎందుకంటే మోచేతుల మీద బరువు వేసినప్పుడు తొడలు, పిరుదులు, పొట్ట అన్నీ బిగుసుకుంటాయి, ఆ బిగువు స్ఖలనాన్ని తొందరపెడుతుంది. మొత్తం ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది.

ఎక్కడ తప్పుతుందంటే, తొమ్మిదికొచ్చాక ఆపుతారు. స్ఖలనం రెండు దశల్లో జరుగుతుంది. ముందు వీర్యం మూత్రనాళం మొదట్లోకి చేరుతుంది, రెండు మూడు సెకన్లలో బయటికి వస్తుంది. ఆ మొదటి దశ మొదలయ్యాక ఏ మొనగాడూ ఆపలేడు. పాలు పొంగి గిన్నె అంచు దాటాక స్టవ్ ఆర్పితే ఏం లాభం? అందుకే ఏడుకి ఆపమంటున్నాను. మొదటి వారంలో ఏడు ఎక్కడుందో తెలియనివాళ్ళు ఐదుకే ఆపండి.

మధ్యలో ఎక్కాలు అప్పజెప్పుకోవడం, ఆఫీసు గొడవలు తలుచుకోవడం చేయకండి. మనసు మళ్ళిస్తే ఏడు వచ్చిన సంగతే తెలియదు, ఒకేసారి తొమ్మిదిలో మెలకువ వస్తుంది. పైగా అంగం కూడా మెత్తబడవచ్చు. కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఒంట్లో ఏం జరుగుతోందో గమనించడం, నోరు కొద్దిగా తెరిచి ఊపిరి నిదానంగా వదలడం. ఊపిరి బిగబట్టారంటే ఆట ముగిసినట్టే.

1970లో మాస్టర్స్, జాన్సన్ అనే పరిశోధకులు నొక్కే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. అంగం తల కింద, సన్నటి పొర కలిసే చోట బొటనవేలు, పైవైపు రెండు వేళ్ళు పెట్టి, నొప్పి పుట్టకుండా పది నుంచి ఇరవై సెకన్లు నొక్కి వదలాలి. పనిచేస్తుంది కానీ చాలా జంటలకి చిరాకు. ఊరికే ఆగడంతో సరిపోతే ఇది అక్కర్లేదు.

కటి కండరాల వ్యాయామం మాత్రం తప్పనిసరిగా నేర్చుకోండి. గ్యాస్ ఆపుకునేటప్పుడు మలద్వారం చుట్టూ బిగిసే కండరం, అదే. సరిగ్గా చేస్తే అంగం మొదలు కొంచెం లోపలికి పోతుంది, వృషణాలు కాస్త పైకి లేస్తాయి. పొట్ట, తొడలు, పిరుదులు కదలకూడదు. మొదట్లో వెల్లకిలా, మోకాళ్ళు మడిచి పడుకుని చేయండి. ఐదు సెకన్లు బిగించి, ఐదు సెకన్లు పూర్తిగా వదలాలి. అలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు. నెల తిరిగేసరికి పది సెకన్లకి పెంచండి, అప్పుడు కూర్చునీ, నిలబడీ చేయొచ్చు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి చేయమని కొందరు చెప్తారు. కండరం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒకసారైతే ఫరవాలేదు, రోజూ చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. 2014లో వచ్చిన ఇటలీ అధ్యయనంలో పుట్టుకతో శీఘ్రస్ఖలనం ఉన్న 40 మంది చేత ఫిజియోథెరపిస్టుల పర్యవేక్షణలో 12 వారాలు కటి కండరాలకి శిక్షణ ఇప్పించారు. 33 మందికి అదుపు వచ్చింది. వాళ్ళ సగటు 32 సెకన్ల నుంచి దాదాపు రెండున్నర నిమిషాలకి పెరిగింది. చిన్న అధ్యయనమే, కానీ ఖర్చులేని పని.

ఇందులో జనం మరిచిపోయేది వదలడం. బిగించడమే బలం అనుకుని సంభోగంలో కూడా బిగించి ఉంచుతారు. ఉద్రేకం పెరిగేటప్పుడు ఆ కండరాన్ని వదులు చేయాలి, అప్పుడే సమయం పెరుగుతుంది. కూర్చుంటే మలద్వారానికి, వృషణాలకి మధ్య నొప్పి, మూత్రం మొదలవడానికి ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఆ కండరం ఇప్పటికే అతిగా బిగుసుకుని ఉండొచ్చు. వాళ్ళు ఈ వ్యాయామం చేయకుండా ముందు యూరాలజిస్టుని కలవాలి.

మందులు. వీటి గురించి సూటిగా చెప్తాను. లిడోకేన్, ప్రిలోకేన్ అనే స్పర్శ తగ్గించే మందులు కలిసిన క్రీము అంగం తల మీద పల్చగా రాసి ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా ఆగి, తుడిచి, కడిగేసి కలవాలి. ముప్పావుగంట వదిలేస్తే తిమ్మిరి పట్టి అంగమే మెత్తబడుతుంది. కడగకపోతే ఆవిడకీ తిమ్మిరే, ఆ రాత్రి ఆవిడకి స్పర్శ తెలియదు. మంట, దురద వస్తే మళ్ళీ వాడకండి. ఇక కండోమ్‌తో పాటు కొబ్బరినూనె వాడే అలవాటు మానండి, లబ్బరు పాడై చిరుగుతుంది.

డపోక్సిటిన్ కలవడానికి ఒకటి నుంచి మూడు గంటల ముందు, నిండు గ్లాసు నీళ్ళతో వేసుకునే మాత్ర. 30 మిల్లీగ్రాములతో మొదలుపెడతాం. దీనివల్ల ఎంత పెరుగుతుందో వినండి. 2006లో వచ్చిన పెద్ద పరీక్షలో సగటు 0.9 నిమిషం ఉన్నవాళ్ళకి ఉత్తుత్తి మాత్రతో 1.75, 30 మిల్లీగ్రాములతో 2.78, 60తో 3.32 నిమిషాలైంది. అంటే అసలైన మందే మూడు రెట్లు పెంచడం గొప్ప. గోడల మీద ప్రకటనల్లో రాసే అరగంట ఎక్కడినుంచి వస్తుంది? వికారం, తలతిరుగుడు, ఒక్కోసారి లేచి నిలబడగానే స్పృహ తప్పడం దీని దుష్ఫలితాలు. మన మే నెల ఉక్కపోతలో చెమట కారి ఒంట్లో నీళ్ళు లేకుండా ఉన్నప్పుడు, పైగా మందు కొట్టి వేసుకుంటే పడిపోయే ప్రమాదం ఇంకా ఎక్కువ. డిప్రెషన్ మాత్రలు వాడేవాళ్ళు, గుండె, కాలేయం జబ్బులున్నవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా ముట్టుకోకూడదు. పారోక్సెటిన్ లాంటివి డిప్రెషన్ మాత్రలే, దీనికీ వాడతాం, కానీ రోజూ వేసుకోవాలి, పూర్తి గుణానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, ఒక్కసారిగా మానకూడదు. ట్రమడాల్ జోలికి అసలు పోవద్దు, అది అలవాటు పట్టే నొప్పి మాత్ర.

రెండో రకం, అంగస్తంభన. ఒక ప్రశ్న వేసుకోండి. తెల్లవారి నిద్రలేచేటప్పుడు గట్టిగా ఉంటోందా? ఉంటే రక్తనాళాలు బాగున్నట్టే, కారణం ఎక్కువసార్లు భయం, అలసట, ఇంట్లో మనస్పర్థలు. అదీ తగ్గిపోతే రక్తపరీక్షలు కావాలి. పరగడుపు షుగరు, మూడు నెలల సగటు షుగరు, కొలెస్ట్రాల్, బీపీ, ఉదయం పది లోపు తీసిన రక్తంలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను. అంగంలోని రక్తనాళాలు గుండె నాళాలకన్నా సన్నవి, పూడుకోవడం ముందు ఇక్కడ బయటపడుతుంది. గుండెపోటు రావడానికి కొన్నేళ్ళ ముందే ఈ లక్షణం కనబడవచ్చు. నలభై దాటిన మనిషి సిగ్గుపడి దీన్ని దాచుకుంటే శరీరం ఇచ్చిన హెచ్చరికని తోసేసినట్టే. దయచేసి దాచకండి.

సిల్డెనాఫిల్, అంటే వయాగ్రాలో ఉండే మందు, ఈ రకానికి పనికొస్తుంది, స్ఖలనాన్ని ఆపడానికి కాదు. ఖాళీ కడుపుతో గంట ముందు వేసుకోవాలి. బిర్యానీ తిని వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది, అప్పుడు "ఇది పనిచేయలేదు" అని రెండోది వేసుకుంటారు. అది ప్రమాదం. ఉద్రేకం లేకుండా ఊరికే గట్టిపడదని కూడా గుర్తుంచుకోండి. గుండెనొప్పికి నాలిక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్ళు దీన్ని ఎప్పుడూ వేసుకోకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోతుంది. ఛాతీనొప్పితో మన పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్ళినా, ఎక్కడికి వెళ్ళినా, ఈ మాత్ర వేసుకున్నామని అక్కడ డాక్టరుకి చెప్పడానికి మొహమాటపడకండి. నాలుగు గంటలు దాటినా అంగం దిగకపోతే అది అత్యవసరం, తెల్లారేదాకా ఆగొద్దు.

మూలికలంటూ పొట్లాల్లో అమ్మే పొడుల్లో ఇదే సిల్డెనాఫిల్ దొంగతనంగా కలుపుతుంటారు. ఎంత కలిపారో ఎవరికీ తెలియదు. లైంగిక శక్తి పెంచుతామని ప్రకటన ఇవ్వడమే మన దేశంలో 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. లాడ్జిలో గది తీసుకుని వారానికొకసారి వచ్చే "డాక్టరు" బోర్డు చూసినప్పుడల్లా ఈ మాట గుర్తు చేసుకోండి.

మూడో రకం దమ్ము. సంభోగానికి పట్టే శ్రమ గబగబా నడిచినంత, ఒక్కోసారి అంతకు కొంచెం ఎక్కువ. ఆగకుండా రెండు అంతస్తులు మెట్లెక్కి ఛాతీనొప్పి, విపరీతమైన ఆయాసం లేకుండా ఉంటే గుండె తట్టుకుంటుంది. మనకి నడవడానికి బీచ్‌రోడ్డుంది, ఎక్కడానికి సింహాచలం మెట్లున్నాయి. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున మాట్లాడగలిగేంత వేగంతో నడవండి, మూడు నెలల్లో తేడా మీకే తెలుస్తుంది. స్టీల్ ప్లాంటులో, పోర్టులో నైట్ షిఫ్టులు చేసేవాళ్ళు నిద్ర సంగతి చూసుకోండి. 2011లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళని వారం పాటు రోజుకి ఐదు గంటలే నిద్రపోనిస్తే టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. నైట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చిన పొద్దున్న కలయిక పెట్టుకోకుండా, నిద్రపోయి లేచాక పెట్టుకోండి. సిగరెట్టు రక్తనాళాలని పాడుచేస్తుంది. ఒక పెగ్గు భయం తగ్గించినట్టుంటుంది, మూడో పెగ్గుకి అంగమే లేవదు.

మిగిలిన చీటీలు రెండు చూసి ముగిస్తాను.

"ఒక చుక్క వీర్యం నలభై చుక్కల రక్తంతో సమానం కదా, వారానికి రెండుసార్లు కలిస్తే నీరసం రాదా?" రాదు. ఒకసారి వచ్చేది ఒకటిన్నర నుంచి ఐదు మిల్లీలీటర్లు, టీ చెంచాడు. దాదాపు అంతా నీరు, ప్రొటీన్లు, చక్కెర. శరీరం ఎప్పటికప్పుడు తయారుచేసుకుంటూనే ఉంటుంది. వీర్యం పోతోందన్న భయంతోనే నీరసపడేవాళ్ళు మన దేశంలో చాలామంది. దానికి ధాత్ సిండ్రోమ్ అని 1960లో డాక్టర్ ఎన్.ఎన్.విగ్ పేరు పెట్టారు. నీరసం నిజంగా ఉంటే హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్ చూపించుకోండి.

రెండోది ఒక సోదరి రాసింది. "మా ఆయనకి తొందరగా అయిపోతుంది, వెంటనే అటు తిరిగి పడుకుంటారు. ఈ మాట ఎలా ఎత్తాలి?" అమ్మా, పడక మీద, అది జరిగిన ఐదు నిమిషాల్లో ఎత్తవద్దు. మర్నాడో ఎల్లుండో, పిల్లలు పడుకున్నాక, బట్టలేసుకుని కూర్చున్నప్పుడు ఎత్తండి. "మీకు చేతకావట్లేదు" అని కాకుండా "ఏవండీ, అయిపోయాక మీరు అటు తిరక్కండి, నాకు చేత్తో ఇంకాసేపు కావాలి" అని మీకేం కావాలో చెప్పండి. ఆయన ఆ ఒక్క పని చేస్తే మీ సంతృప్తి ఆయన నిమిషాల మీద ఆధారపడదు, ఆయన మీద ఒత్తిడీ తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే చాలామందిలో సమయం కొంత దానంతటదే పెరుగుతుంది. మూడు నెలలు ఇద్దరూ కలిసి ఇందాకటి అభ్యాసం చేసినా మార్పు లేకపోతే యూరాలజీ ఓపీకి గానీ సైకియాట్రీ ఓపీకి గానీ ఇద్దరూ కలిసే వెళ్ళండి. ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళడం మరవకండి.